కంటికి కనబడనిదంతా కల్పన కాదు

గండికోట లోయ మీద పాలపుంత లేచిన ఫోటో ఒకటి నలుగురికీ చూపించండి. వాళ్ళలో ఒకరైనా "ఇదంతా ఫోటోషాపే కదన్నా" అనకుండా ఉండరు. ఆ మాట అన్నది కొత్తగా ఫోన్ కొన్న కుర్రాడైతే పట్టించుకోనక్కర్లేదు. ఏళ్ళ తరబడి కెమెరా భుజాన వేసుకు తిరిగినవాళ్ళూ, సైన్సు పాఠాలు చెప్పే మాస్టార్లూ, ఫోటోల పోటీలకు న్యాయనిర్ణేతలుగా కూర్చునేవాళ్ళూ అదే అంటున్నారు. కంటికి అలా కనబడదు కాబట్టి అది నిజం కాదని వాళ్ళ సూత్రం. వినడానికి నిక్కచ్చిగా ఉంటుంది. కానీ అది తప్పు. పైగా దానివల్ల జరిగే నష్టం ఫోటోలు తీసేవాళ్ళతో ఆగిపోయేది కాదు.

వాళ్ళ పక్షాన చెప్పాల్సింది ముందే చెప్పేస్తాను. అమావాస్య రాత్రి గండికోట గోడ మీద కూర్చుని దక్షిణానికి చూస్తే కంటికి దొరికేది బూడిదరంగు చార. అందులో గులాబీ మచ్చలుండవు, బంగారు రంగు ఉబ్బు ఉండదు. ఫోటోలో అవన్నీ ఉంటాయి. ఆ ఫోటోను నమ్మి పిల్లాజెల్లాతో ఇంత దూరం వచ్చిన కుటుంబం తల పైకెత్తి నీరసపడిపోతే, ఆ బాధ న్యాయమైనదే. ఫోటో కింద "ఇది 20 సెకన్ల వెలుగు, మీ కంటికి ఇలా ఉండదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే వాళ్ళకు ఆ నిరాశ తప్పేది. రాయకపోవడం తప్పు, ఒప్పుకుంటాను. కానీ కంటికి కనబడలేదు గనక ఆకాశంలో లేదు అనడం వేరే సంగతి.

చీకట్లో మన కన్ను ఎంత తక్కువ చూస్తుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. రంగులు పట్టే శంకు కణాలకు బాగా వెలుతురు కావాలి. నక్షత్రాల వెలుగులో అవి దాదాపు నిద్రపోతాయి. అప్పుడు పని చేసేవి దండ కణాలు, వాటికి రంగులు తెలియవు. ఆ కణాలైనా పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, కన్ను వెలుగును కూడబెట్టలేదు. సెకనులో పదో వంతు, మహా అయితే అయిదో వంతు సేపు పడ్డ వెలుగును మెదడుకు పంపేసి మళ్ళీ ఖాళీ అయిపోతుంది. ఇలాంటి పరికరాన్ని తెచ్చి ఆకాశంలో ఏది ఉంది, ఏది లేదు అనే తీర్పు చెప్పమంటున్నారు.

ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తవ్వితే మొదట అడుగున తడి మాత్రమే కనబడుతుంది. కాసేపు ఓపిక పడితే కడవ నిండుతుంది. ఆ నీళ్ళు ఎవరూ పైనుంచి తెచ్చి పోసినవి కావు, అక్కడ ఊరినవే. కెమెరా సెన్సర్ చేసేదీ అదే. 20 సెకన్ల పాటు షట్టర్ తెరిచి ఉంచితే, ధనుస్సు దిక్కు నుంచి వేల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు కణం కణంగా చేరుతుంది. సెన్సర్ మీద పడింది లెక్కకొస్తుంది, పడనిది రాదు. కన్ను ఆగలేకపోయిన చోట కెమెరా ఆగింది, అంతే తేడా.

కన్ను కంటే వేగంగా చూసే కెమెరాను మనం ఎంత సులువుగా నమ్ముతామో గమనించండి. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో సచిన్ టెండూల్కర్ రనౌట్ అయ్యాడని టీవీ రీప్లే చూసి తేల్చారు. మూడో అంపైర్ తీర్పుతో బ్యాట్స్‌మన్ వెనుదిరగడం క్రికెట్లో అదే మొదలు. అప్పటినుంచి ఇప్పటిదాకా క్రీజు దగ్గర కన్ను ఒకటి చెప్పి ఫ్రేము ఇంకొకటి చెబితే ఊరంతా ఫ్రేము పక్షానే నిలబడుతోంది. "నా కంటికి నాటౌట్‌గా కనబడింది, కాబట్టి ఆ ఫ్రేము కల్పన" అనేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. సెకనులో చిన్న ముక్కను పట్టిన కెమెరా సత్యసంధురాలు, 20 సెకన్లను కూడబెట్టిన కెమెరా మాయలాడి! ఈ రెండు నమ్మకాలూ ఒకే మనిషి దగ్గర ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కాదు.

ఖగోళ శాస్త్రం ఈ ప్రశ్నను నూట నలభై ఏళ్ళ కిందటే తేల్చేసింది. 1880లో హెన్రీ డ్రేపర్ మృగశిర దగ్గరి ఓరియన్ నీహారికను మొదటిసారి ఫోటో తీశాడు. 1885లో పారిస్‌లో హెన్రీ అనే ఇంటిపేరున్న సోదరులు కృత్తికల ఫోటోలో, మాయా అనే నక్షత్రం చుట్టూ, అంతవరకూ ఎవరూ చూడని మసక వెలుగు ఒకటి గమనించారు. కొన్ని నెలల తర్వాత రష్యాలోని పుల్కోవోలో పెద్ద టెలిస్కోపు తిప్పి కంటితో చూస్తే అది నిజంగానే అక్కడుంది. ముందు ఫోటో చెప్పింది, తర్వాత కన్ను ఒప్పుకుంది.

అంత దూరం వద్దు, హైదరాబాదుకే వద్దాం. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు చేరింది. ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి పట్టిక వేయాలని 1887లో పారిస్ సమావేశం తీర్మానించి, పనిని ప్రపంచంలోని అబ్జర్వేటరీలకు పట్టీలు పట్టీలుగా పంచింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ చివరికి హైదరాబాదు వాటాకు వచ్చింది. 1914 నుంచి పదిహేనేళ్ళ పాటు, మొదట పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆధ్వర్యంలో, 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు ప్లేట్ల మీద ఆ పట్టీని ఫోటో తీశారు. తర్వాత తీసుకున్న ఉత్తరపు పట్టీతో కలిపితే 12 సంపుటాలు, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు. వాటిలో అత్యధికం కంటి హద్దుకు బయటివే. మామూలు చూపు ఆరో తరగతి నక్షత్రం దగ్గర ఆగిపోతుంది. ఈ పథకం పెట్టుకున్న లక్ష్యం పదకొండో తరగతి, అంటే దానికంటే వంద రెట్లు మసకైన చుక్క. నిమిషాల పాటు వెలుగును కూడబెట్టకపోతే ఆ చుక్కలు గాజు మీద పడేవే కావు. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో నక్షత్రాల కదలికలు లెక్క కట్టడానికి, ఉపగ్రహం కొలిచిన స్థానాల పక్కన పెట్టి పోల్చింది ఇలాంటి పాత ప్లేట్ల కొలతలనే. బేగంపేట చీకట్లో పడ్డ వెలుగు ఎనభై ఏళ్ళ తర్వాత సాక్ష్యం చెప్పిందన్న మాట. కంటికి కనబడనిదంతా కల్పన అనేవాళ్ళు ఆ 12 సంపుటాలనూ ఏం చేస్తారు?

రంగుల దగ్గరికి వస్తే గొడవ ఇంకా ముదురుతుంది. లగూన్ నీహారిక గులాబీ రంగులో ఉందంటే ఎవరో కుంచె పెట్టి అద్దారనుకుంటారు. అది హైడ్రోజన్ వెలుగు, 656 నానోమీటర్ల ఎరుపు. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టరు దాన్ని చాలా మటుకు ఆపేస్తుంది కూడా. అంటే ఫోటోలో కనబడేది ఉన్నదానికంటే తక్కువే. దిగంతం దగ్గర పచ్చటి తెరలా కనబడితే "వైట్ బ్యాలెన్స్ పాడు చేశాడు" అంటారు. దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు రాత్రంతా వెలువరించే మంద్రమైన కాంతి అది. 2024 మే నెలలో సూర్యుడి నుంచి పెద్ద తుఫాను వచ్చిన రాత్రి లడఖ్‌లోని హాన్లేలో, భారత ఖగోళ వేధశాల కెమెరాలు ఉత్తర దిగంతాన ఎర్రటి అరోరా వెలుగును పట్టుకున్నాయి. దాన్ని శాస్త్రవేత్తలు చర్చించారు, పత్రికలు అచ్చు వేశాయి. కెమెరాకు చిక్కింది కదా, కల్పన అయ్యుంటుందని ఎవరూ కొట్టిపారేయలేదు. అదే వేధశాల పక్కన నిలబడి మామూలు ఫోటోగ్రాఫర్ పాలపుంత తీస్తే మాత్రం దొంగను చూసినట్టు చూస్తారు.

రంగు చేతికొచ్చినట్టు పులిమేవాళ్ళు లేరని కాదు. ఊదా రంగులో, నీలి రంగులో పొంగిపోయే పాలపుంతలు నేనూ చాలా చూశాను. నాకు అవి నచ్చవు, నచ్చకపోవడానికి కారణం కూడా ఉంది. పాలపుంత నడిబొడ్డున ఉన్నవి ఎక్కువగా ముసలి నక్షత్రాలు, మధ్యలో ధూళి అడ్డం. కాబట్టి అక్కడి వెలుగు పసుపుకు, ఇటుక రంగుకు మొగ్గుతుంది. ఊదా చేసినవాడు ఉన్న రంగు తీసేసి లేని రంగు పెట్టాడు. అలాంటి పనిని విడిగా పేరు పెట్టి తప్పు పట్టాలి. అందరినీ ఒకే తాటికి కట్టేస్తే ఆ పులిమినవాడికే లాభం.

ఫ్రేములు కలపడం గురించి కూడా ఇంతే గందరగోళం ఉంది. పని జరిగే తీరు దగ్గరగా చూస్తే అది తొలగిపోతుంది. ట్రైపాడ్ బండ మీద పెట్టి, గాలికి కదలకుండా మధ్య కొక్కేనికి సంచి వేలాడదీస్తారు. ఫోకస్ చీకట్లో తనంతట తాను కుదరదు. తెరపై జ్యేష్ఠ నక్షత్రాన్ని పెద్దది చేసి, ఉబ్బిన చుక్క సూదిమొన అయ్యేదాకా రింగును వెంట్రుకవాసి చొప్పున తిప్పి, కదలకుండా టేపు అంటిస్తారు. ఎర్ర టార్చి తప్ప ఇంకో దీపం వెలిగించరు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 20 మిల్లీమీటర్ల లెన్సుతో 20 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. అందుకని ఒకే దిక్కుకు వరసగా 16 ఫ్రేములు తీసి, చుక్క మీద చుక్క కూర్చి సగటు తీస్తారు. దాంతో సెన్సర్ వేసిన రవ్వల గోల నాలుగో వంతుకు పడిపోతుంది. తర్వాత ట్రైపాడ్ కదపకుండానే లోయ కోసం ఇంకో ఫ్రేము, ఈసారి నాలుగైదు నిమిషాలు. ఈ రెంటినీ కలిపితే వచ్చేది అదే చోటు, అదే రాత్రి, అదే దిక్కు. సగటు తీయడం వల్ల ఉన్న చుక్క పోలేదు, లేని చుక్క రాలేదు. పోయింది కెమెరా సొంతంగా వేసిన చెత్త మాత్రమే. ఇందులో మోసం ఎక్కడుందో ఎవరైనా వేలు పెట్టి చూపించాలి.

హాన్లేలో తీసిన ఆకాశాన్ని తెచ్చి గండికోట లోయకు అతికిస్తే మోసం. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. నక్షత్రాలే పట్టిస్తాయి, మన పంచాంగం తెలిసినవాళ్ళకు ఇంకా తొందరగా పట్టిస్తాయి. పాలపుంత నడిబొడ్డు మూల నక్షత్రం దాపున, ధనూరాశిలో ఉంది. ధనుర్మాసంలో సూర్యుడు ఉండేదీ అక్కడే. కాబట్టి డిసెంబరు రెండో సగంలో ఆ నడిబొడ్డు సూర్యుడితో పాటే ఉదయించి సూర్యుడితో పాటే అస్తమిస్తుంది. రాత్రి ఆకాశంలో ఉండే ప్రశ్నే లేదు. భోగి నాటికి కూడా తెల్లవారడానికి కాస్త ముందు ఆగ్నేయ దిగంతాన్ని అంటుకుని లేస్తుందంతే. భోగి మంట వెనక నిలువెత్తున నడిబొడ్డు నిలబెట్టిన ఫోటో కనబడితే అది అతుకే, ఇంకో మాట అక్కర్లేదు.

ఎత్తు కూడా సాక్ష్యమే. గండికోట అక్షాంశం దాదాపు 15 డిగ్రీలు. అక్కడ ఆ నడిబొడ్డు దక్షిణాన 46 డిగ్రీల దాకా ఎక్కుతుంది. హాన్లేలో 28 దాటదు. పాలపుంత కోసం లడఖ్ వెళ్ళాల్సిందే అనుకునే మనవాళ్ళు ఈ ఒక్క లెక్క చూడాలి. ఎత్తయిన చోటు, పొడిగాలి, గాఢమైన చీకటి హాన్లే సొత్తు, కాదనను. కానీ ఆ నడిబొడ్డు మన నెత్తికే దగ్గర. ధ్రువ నక్షత్రానికొస్తే దాని ఎత్తు ఆ చోటి అక్షాంశంతో దాదాపు సమానం. గంటల తరబడి తీసిన ఫోటోలో చుక్కలు గుండ్రంగా తిరిగే కేంద్రం గండికోటలో దిగంతానికి 15 డిగ్రీల పైన ఉండాలి. సగం ఆకాశం ఎత్తున ఉందంటే ఆ ఆకాశం మనది కాదు. చంద్రుడూ అబద్ధమాడడు. జ్యేష్ఠ పౌర్ణమి నాడు చంద్రుడు జ్యేష్ఠ నక్షత్రం దగ్గర, అంటే పాలపుంత నడిబొడ్డుకు ఇంచుమించు పక్కనే ఉంటాడు. ఆ రాత్రి తీశామంటూ ధగధగలాడే పాలపుంతను చూపిస్తే నమ్మకూడదు.

ఇన్ని పరీక్షలు చేతిలో ఉండగా "అంతా ఫోటోషాపే" అనేవాళ్ళు వాటిలో ఒక్కటీ వాడరు. చూడకుండానే అందరినీ దొంగలంటారు. అతికించేవాళ్ళకు కావాల్సింది సరిగ్గా ఇదే. "ఎలాగూ ఎవరూ నమ్మరు, నిజం తీస్తే ఏం, అతికిస్తే ఏం, అందంగా ఉంటే చాలు" అని వాళ్ళు పైకే అంటున్నారు. ఒకరినొకరు తిట్టుకుంటున్నట్టు కనబడే ఈ రెండు పక్షాలూ లోపల ఒకే మాట మీద ఉన్నాయి: రాత్రి ఫోటోకు ఆ చోటుతో, ఆ రాత్రితో బాకీ ఏమీ లేదని. నేను కాదంటున్నది ఆ మాటనే.

ఆ బాకీ ఎందుకంత ముఖ్యమో గండికోటలోనే తెలుస్తుంది. నడిబొడ్డు ఉదయించేది ఆగ్నేయాన. అటే ఎర్రగుంట్ల, అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు. నిజాయితీగా తీసిన ఫోటోలో పాలపుంత మొదలు ఆ దీపాల పసుపు పొగలో మునిగి కనబడుతుంది. తూర్పున జమ్మలమడుగు వెలుగు ఇంకో గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. అవి ఫోటోకు అందం చేకూర్చవు. కానీ ఫలానా ఏడాది, ఫలానా రాత్రి, ఈ లోయ మీద ఎంత చీకటి మిగిలిందో చెప్పే దాఖలా అదే. హాన్లే ఆకాశం తెచ్చి అతికించినవాడు ముందుగా తుడిచేసేది ఆ పసుపునే. వాడి ఫోటో చూసినవాళ్ళు గండికోట చీకటి చెక్కుచెదరలేదనుకుంటారు. అంతా మాయే అనేవాడు నిజమైన దాఖలాను కూడా అదే బుట్టలో వేస్తాడు. ఇద్దరి చేతుల్లోనూ పోయేది ఒకటే.

జనం ఇంత తేలిగ్గా అపనమ్మకంలోకి ఎందుకు జారుతున్నారో కూడా చెప్పుకోవాలి. చూడనిదాన్ని నమ్మడం కష్టం. 2016లో వెలువడిన ప్రపంచ కాంతి కాలుష్య పటం ప్రకారం మానవజాతిలో మూడో వంతుకు పైగా తాముండే చోటు నుంచి పాలపుంతను చూడలేరు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, 2011 నుంచి 2022 దాకా మామూలు జనం కంటితో చూసి నమోదు చేసిన వేల పరిశీలనలను లెక్క కట్టి, రాత్రి ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున వెలుగెక్కుతోందని తేల్చింది. అంటే ఎనిమిదేళ్ళు తిరక్కుండానే రెట్టింపు. ఉపగ్రహాల కొలతల్లో ఇంత పెరుగుదల కనబడలేదు. ఎల్ఈడీ దీపాల్లోని నీలి వెలుగు వాటి సెన్సర్లకు అందకపోవడం అందుకు ఒక కారణం. కాబట్టి నేల మీద నిలబడి తీసిన ఫోటోకు విలువ తగ్గలేదు, పెరిగింది. ఆరుబయట మంచం మీద పడుకుని పిల్లలకోడిని వేలితో చూపించిన తరానికి పాలపుంత ఫోటో చూపిస్తే సందేహం రాదు. వీధి దీపాల కింద పుట్టి పెరిగిన పిల్లలకు వస్తుంది. వాళ్ళ ఆకాశాన్ని మనమే వాళ్ళకు లేకుండా చేసి, ఇప్పుడు మిగిలిన రుజువును కూడా బూటకమని నేర్పిస్తున్నాం.

కొత్తగా ఇంకో చిక్కు వచ్చింది. కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి తీస్తే సెన్సర్‌కు అందని వివరాలను ముందే నేర్చుకున్న బొమ్మల నుంచి తెచ్చి నింపుతున్నాయి. మాట చెబితే చాలు, ఏ కొండ మీదైనా ఏ ఆకాశాన్నైనా గీసిచ్చే సాఫ్ట్‌వేర్లు చేతికొచ్చాయి. సెన్సర్ మీద పడిన వెలుగుకూ, పడకుండానే పుట్టించిన బొమ్మకూ మధ్య గీత గీయాల్సిన కాలమిది. ఆ గీతను కంటి దగ్గర గీస్తే తప్పు చోట గీసినట్టే. కంటికి కనబడినట్టే ఉండే కల్పనను రేపు ఏ యంత్రమైనా తయారు చేయగలదు. బూడిదరంగు చారను, మసక చుక్కలను అచ్చం మన కన్ను చూసినట్టే గీసి ఇస్తుంది. అప్పుడు ఈ సూత్రం పట్టుకున్నవాళ్ళు ఆ బొమ్మను నిజమని, వెలుగును కూడబెట్టిన ఫోటోను అబద్ధమని తీర్పు చెప్పాల్సి వస్తుంది.

మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో దేశంలో మొదటి డార్క్ స్కై పార్క్‌గా గుర్తింపు వచ్చింది. హాన్లే చుట్టూ వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా చీకటిని కాపాడతామని 2022లో ప్రకటించారు. రేపు నల్లమల గురించి, పెన్న లోయ గురించి ఇలాంటిది అడగాలంటే, ఇక్కడ ఇంత చీకటి ఉంది, పదేళ్ళలో ఇంత పోయింది అని బల్ల మీద పెట్టడానికి ఫోటోలు కావాలి. అవి నమ్మదగ్గవై ఉండాలి. అందుకే తీసేవాళ్ళు ప్రతి ఫోటో కిందా ఊరు, తేదీ, గంట, దిక్కు, ఎన్ని ఫ్రేములు, ఎన్ని సెకన్లు, ఏది దేనితో కలిపారో రాయాలి. సాయంత్రం వెలుగులో లోయను తీసి రాత్రి ఆకాశంతో కలిపితే ఆ మాటా రాయాలి. పోటీలు పెట్టేవాళ్ళు రా ఫైళ్ళు అడిగి తీసుకోవాలి. పత్రికలు, పర్యాటక ప్రచారాలు ఆ వివరాలు లేని రాత్రి ఫోటోను వేయకూడదు. చూసేవాళ్ళు కూడా "ఫోటోషాపా?" అన్న ప్రశ్న మానేసి "ఏ ఊరు, ఏ తేదీ, ఎటు దిక్కు?" అని అడగాలి.